చిల్లుల్లేని కుండీలు

తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన అక్కకి మనుషుల మీద పెద్ద గౌరవం లేదు. ఉండడానికి కారణమూ కనపడలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ చూసిందల్లా తక్కెడ పళ్ళెం కింద చింతపండు అంటించినవాళ్ళని, అరిగిపోయిన రాయిని కిలో అని ఒట్టేసినవాళ్ళని, బట్ట కొలుస్తూ బొటనవేలితో గజంబద్దని వెనక్కి జరిపినవాళ్ళని. ఎంత ఒంగి నమస్కారం పెడితే తూకంలో అంత తేడా ఉంటుందని ఆవిడ అనుభవం. వీధిలో ఆవిడకి తక్కెడమ్మ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. పేరు పెట్టినవాడి కొట్లో తూకం సంగతి కూడా తెలుసు.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. వచ్చిన సంబంధాల్లో ఒక్కటీ తూకానికి నిలవలేదని చెల్లెలు నవ్వుతూ అనేది. ఆ చెల్లెలు బళ్ళలో నాటకాలకి, నాట్యాలకి దుస్తులు కుడుతుంది. రాజుల అంగీలు, నెమలి తోకలు, రాక్షసుల కోరలు ఇంటినిండా. ఆమె భర్త పోయి చాలా కాలమైంది. అక్క రిటైరయ్యాక ఇద్దరూ కలిసి ఒక అపార్ట్‌మెంటులో కింది వాటా కొనుక్కున్నారు.

ఆ వాటాకి వంటింటి వెనక రాళ్ళు పరిచిన జాగా ఒకటి ఉంది. కట్టినవాళ్ళు కాగితాల్లో దాన్ని పాటియో అన్నారు. ఆ పేరుకి విడిగా డబ్బు కట్టించుకున్నారు. పేరు తీసేస్తే అది బట్టలారేసుకునే చోటు అని అక్క అభిప్రాయం. పడమటెండ నేరుగా పడి మధ్యాహ్నమయ్యేసరికి రాళ్ళు పెనంలా కాలేవి. రెండు భవనాల సందులోంచి గాలి ఈల వేసుకుంటూ వచ్చి ఆరేసిన దుప్పట్లని గోడ మీదికి విసిరేసేది. చెల్లెలికి మాత్రం అక్కడ నాలుగు కుండీలు పెట్టి, సాయంత్రాలు కూర్చోవాలని కోరిక.

ఆ కోరిక పైఅంతస్తు దాకా ఎలా పాకిందో అక్కకి అర్థం కాలేదు. పైన ఒక పెద్దమనిషి ఒంటరిగా ఉండేవాడు. ఫ్యాన్ల కంపెనీలో సేల్స్ మేనేజరుగా చేసి మానేశాడు. జుట్టుకి రంగు వేసుకునేవాడు, అది చెవుల దగ్గర చర్మానికి కూడా అంటేది. ఒకరోజు తన బాల్కనీలోంచి వంగి, కింద బట్టలు పిండుతున్న అక్కతో, మీ పాటియో బోసిగా ఉందండీ, కుండీలు ఎంచడం ఒక కళ, నాకు వదిలిపెట్టండి అన్నాడు. అక్క చేతిలో దుప్పటిని ఇంకో మెలిక తిప్పింది. ఆ రాత్రి భోజనాల దగ్గర చెల్లెలు ఆదివారం ముగ్గురం కుండీల కొట్టుకి వెళ్తున్నామంది.

"ఆ గాలాయనతోనా?" అంది అక్క.

"ఆయనకి తెలుసుటక్కా."

"జీవితమంతా గాలి అమ్ముకున్నాడు. మట్టి సంగతి ఏం తెలుస్తుంది?"

చెల్లెలు పళ్ళెంలోకి చూసుకుంటూ నవ్వింది. అంతే, ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

కుండీల కొట్టు ఊరి చివర ఉంది. కొట్టంటే పెద్ద ఆవరణ. మట్టి కుండీలు ఒకదాంట్లో ఒకటి దొంతర్లుగా, సిమెంటు తొట్లు వరసగా, చెక్క పెట్టెలు, రంగేసిన డబ్బాలు, ఆ చివర తెరల కింద ఖరీదైన సరుకు. అక్క టేపు తెచ్చుకుంది. కుండీ ఎంచడం ఆవిడ దృష్టిలో చిటికెలో పని. పడమటెండ పడేచోట నల్లది పెట్టకూడదు, వేళ్ళు ఉడికిపోతాయి. గాలి కొట్టేచోట అడుగు వెడల్పుగా, బరువుగా ఉండాలి. నీళ్ళు దిగిపోవడానికి అడుగున చిల్లు ఉండాలి. మందపాటి మట్టి కుండీలో, సిమెంటు తొట్లో ఏవో నాలుగు తీసుకుని బండికెత్తించుకుని పోవచ్చు. ఇందులో కళ ఎక్కడుందో ఆవిడకి తెలియలేదు.

ఆయన మట్టి కుండీల వైపు చూడనైనా చూడలేదు. తిన్నగా తెరల కిందికి నడిచి, నడుమెత్తున ఉన్న ఒక నల్లటి కుండీ ముందు ఆగాడు. ఫైబరుది. చూడ్డానికి చెక్కిన నల్లరాయిలా ఉంది. పైన వెడల్పు, కిందికి పోయేకొద్దీ సన్నం. చెయ్యకూడనివన్నీ పోగేసి ఒక కుండీ చేస్తే ఇలాగే ఉంటుందని అక్క అనుకుంది.

"చూడండి, రాయి కాదని ఎవరైనా అంటారా? కానీ ఒంటిచేత్తో లేస్తుంది," అని ఆయన ఎత్తి చూపించాడు.

"ఒంటిచేత్తో లేచేది గాలికి లేవదా?" అంది అక్క.

"గాలి సంగతి నాకొదిలెయ్యండి మేడమ్. ముప్ఫయ్యేళ్ళు దానితోనే కాపురం చేశాను."

చెల్లెలు పకపకా నవ్వింది. ఆ నవ్వు అక్కకి నచ్చలేదు. అది మర్యాదకి నవ్వే నవ్వు కాదు, మెషీను ఆపి తలెత్తి నవ్వే నవ్వు. ఇంట్లో ఈ మధ్య అలాంటిది వినలేదు. ఇంత చవకబారు మాటకి అంత నవ్వు ఖర్చు పెట్టడమేమిటని ఆవిడకి ఒళ్ళు మండింది.

ఆయన ఉపన్యాసం సాగుతూనే ఉంది. కుండీ అంటే మొక్కకి చొక్కా లాంటిదట. మట్టి కుండీ పనిబట్టలట, ఇది విందుకి వేసుకునే కోటట. చెల్లెలు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. అక్క ఆ పక్కనున్న కుండీని కాస్త వంచి, అడుగున చెయ్యి పెట్టి తడిమింది. నున్నగా ఉంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో వెతికింది. చిల్లు లేదు. రెండోదీ అంతే. పైన పటారం, లోన లొటారం.

చెప్పడానికి నోరు తెరిచింది. అప్పుడే ఆయన చెల్లెలితో, మీలాంటి కళాకారులకి విడమరిచి చెప్పాలా అంటున్నాడు. అక్క నోరు మూసుకుంది. చేతిరుమాలుతో వేళ్ళు శుభ్రంగా తుడుచుకుంది. ఉద్యోగంలో కూడా ఆవిడ ఏనాడూ ఏ కొట్టువాణ్ణీ ముందు హెచ్చరించలేదు. వాడు తూచేదాకా ఆగి, తూచాక పట్టుకునేది. ముందే చెబితే అది సలహా అవుతుంది, తనిఖీ అవ్వదు.

నల్ల కుండీలు ఇంటికొచ్చాయి. వాటిలో పొడుగాటి ఆకుల పామ్ మొక్కలు ఆయనే ఎంచి పెట్టాడు. ఒకదాంట్లో మాత్రం చెల్లెలు పట్టుబట్టి మందారం పెట్టించుకుంది. ఒక బల్ల వచ్చింది, కుర్చీలు వచ్చాయి. ఆ మర్నాటి నుంచి ఆయన సాయంత్రమయ్యేసరికి ఒక పొడుగు ముక్కు నీళ్ళడబ్బా పట్టుకుని దిగేవాడు. నీళ్ళు పోసేవాడు, అవసరం ఉన్నా లేకపోయినా. తర్వాత టీ. తర్వాత కబుర్లు. ఏ ఊళ్ళో ఏ హోటల్లో ఫ్యాను తిరగకపోతే తను కుర్చీ ఎక్కి బాగుచేశాడో, ఏ పెళ్ళిలో తను అమ్మిన ఫ్యాను ఊడి ఎవరి పక్కన పడిందో. అక్క వంటింటి కిటికీ దగ్గర నిలబడి గిన్నెలు కడుగుతూ వినేది. ఒకే కథలో ఊరు ఒకసారి కొండ మీదా, ఇంకోసారి సముద్రం పక్కనా ఉండేది. చెల్లెలు పట్టించుకునేది కాదు. ఒడిలో రాక్షసుడి కిరీటం పెట్టుకుని అద్దాలు కుడుతూ, అప్పుడప్పుడు సూది ఆపి నవ్వేది.

అక్కని రమ్మని ఇద్దరూ పిలిచేవాళ్ళు. ఒకటి రెండుసార్లు వెళ్ళి కూర్చుంది. ఆయన చెప్పే లెక్కల్లో తప్పులు ఎత్తి చూపింది. ఆయన నొచ్చుకోకుండా, అవునండోయ్, మీరు చెప్పిందే రైటు అని ఒప్పుకుని, మళ్ళీ తప్పుడు లెక్కతోనే కథ ముగించాడు. నొచ్చుకోనివాడిని ఏం చెయ్యాలో ఆవిడకి తోచలేదు. ఆ పైన వెళ్ళడం మానేసింది.

వానలు మొదలయ్యాయి. కుండీల్లోకి వెళ్ళిన నీళ్ళు వెళ్ళినట్టే ఉండిపోయాయి. వాన వెలిసిన రోజు ఆయన పోసే నీళ్ళు వాటికి తోడు. ముందు పామ్ ఆకుల కొసలు గోధుమరంగుకి తిరిగాయి. తర్వాత మందారం మొగ్గలు విచ్చకుండానే రాలడం మొదలెట్టాయి. దగ్గరికెళ్తే మురిగిన వాసన. ఆయన ఒకరోజు కొత్త చోటు కదా అలవాటు పడుతున్నాయన్నాడు, ఇంకోరోజు ఎరువు చాల్లేదన్నాడు, మరోరోజు ఎదురింటివాళ్ళ గోడ రంగు వల్ల వేడి తిరిగి కొడుతోందన్నాడు. అక్క పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని కుండీల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేది. ఎన్నాళ్ళనుంచో ఆవిడకి ఉదయాలు అంత ఉల్లాసంగా లేవు.

ఒక ఆదివారం చెల్లెలు మధ్యాహ్నం నుంచే పాటియో కడిగింది. బల్ల మీద గుడ్డ పరిచింది. ఇంట్లోంచి కుర్చీలు తెచ్చి వేసింది. ఎవరొస్తున్నారని అక్క అడిగింది. ఆయన కొడుకూ కోడలూ అంది చెల్లెలు.

"వాళ్ళకి ఇక్కడేం పని?"

"నన్ను చూడ్డానికి."

అక్క కాసేపు చెల్లెలి ముఖంలోకి చూసింది. అందులో వేళాకోళం లేదు. యాభై దాటాక ఇదేం సంబడమే అనబోయి, అనలేదు. పెదవి విరిచి లోపలికి వెళ్ళింది. అప్పుడు కూడా ఆవిడకి కోపం కంటే చులకనే ఎక్కువ కలిగింది. తెలివైనదనుకున్న చెల్లెలు పోయిపోయి ఒక ఫ్యానుగాలికి కొట్టుకుపోయిందే అనుకుంది.

కొడుకు ఇస్త్రీ మడత నలగని మనిషి. కోడలు వచ్చిన దగ్గర్నుంచీ ఫోను చూసుకుంటోంది. చెల్లెలు చేసిన తినుబండారాలు బల్ల మీద పెట్టింది. ఆయన ఆ రోజు ఎక్కువ మాట్లాడలేదు, మీరు కుట్టిన కిరీటాలు చూపించండి అని చెల్లెలిని రెండుసార్లు అడిగాడు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆకాశం మూసుకొచ్చింది. సందులోంచి గాలి ఒక్క ఊపున వచ్చింది. నీళ్ళు తాగిన మట్టి, సన్నటి అడుగు, పైన తెరచాపలా విచ్చుకున్న ఆకులు. కొడుకు వెనకాల ఉన్న కుండీ నిదానంగా ఒరిగి, బల్ల అంచుకి తగిలి పడిపోయింది. నల్లటి నీళ్ళు, కుళ్ళిన వేళ్ళు, బురద అతని ప్యాంటు మీద, బూట్ల మీద, తినుబండారాల మీద పడ్డాయి. ఆ కంపుకి కోడలు లేచి ముక్కు మూసుకుంది.

అక్క మెట్టు దిగి వచ్చింది. పడ్డ కుండీని కాలితో దొర్లించి అడుగు అందరికీ కనపడేలా తిప్పింది.

"చూశారా? చిల్లు లేదు. దీనికే కాదు, ఒక్కదానికీ లేదు. కావాలంటే తక్కినవీ తిప్పి చూసుకోండి. మీ నాన్నగారు ఏరికోరి ఎంచినవి."

ఆయన వంగి చూశాడు. తప్పు నాదేనండీ అన్నాడు మెల్లగా. ఆ ఒక్క వాక్యంలో కథ లేదు, ఊరు లేదు. అక్క దానికోసమే ఇన్నాళ్ళూ ఆగింది. కొడుకు జేబురుమాలుతో ప్యాంటు తుడుచుకుంటూ నవ్వాడు.

"మా నాన్న ఏది ముట్టుకున్నా ఇంతేనండీ. మా అమ్మ ఉన్నప్పుడూ ఇంతే. ఇంటికి రంగు వేయిస్తానంటే గోడలన్నీ పెచ్చులూడాయి. మాటలు తప్ప చేతకాదు. మీరు కాబట్టి పట్టుకున్నారు, పాపం ఈవిడ నమ్మేశారు."

అతను ఆగలేదు. తండ్రి కొన్న స్కూటరు గురించి, చేయించిన అలమర గురించి చెప్పాడు. ఒక్కొక్కటీ వివరంగా, రుజువులతో. గొంతులో ఆవేశం లేదు, ఆనందం ఉంది. ఆయన కింద కూర్చుని రెండు చేతులతో బురద ఎత్తి కుండీలో వేస్తున్నాడు. ముఖం మీద ఎప్పుడూ ఉండే నవ్వు తీసెయ్యడం మర్చిపోయినట్టు అలాగే ఉంది. చెవుల పక్క రంగు చెమటకి కారుతోంది.

అక్కకి ఇలాంటి కొడుకులు కొత్త కాదు. పక్క కొట్టువాడి తూకం మీద ఫిర్యాదు చెయ్యడానికి ఆఫీసుకి పనిగట్టుకుని వచ్చేవాళ్ళు ఇలాగే ఉండేవాళ్ళు, నీటుగా, రుజువులు పట్టుకుని. ఆవిడ ముందు వాళ్ళ కొట్టుకే వెళ్ళి రాళ్ళు తీయించేది. ఇప్పుడతను తన వైపు తిరిగి, మనిద్దరికీ తెలుసులే అన్నట్టు నవ్వుతుంటే ఆవిడ చూపు అతని బూట్ల మీదికి దించింది.

"మీరు కాస్త కాళ్ళు పక్కకి పెడితే ఆయన ఆ మట్టి ఎత్తుతారు," అంది.

అతను నవ్వు ఆపి కాళ్ళు జరిపాడు. చెల్లెలు అప్పటికే చీపురు తెచ్చి ఆయన పక్కన కూర్చుంది.

కొడుకూ కోడలూ వెళ్ళిపోయాక, ఆయన కూడా పైకి వెళ్ళాక, అక్కచెల్లెళ్ళిద్దరూ రాళ్ళు కడిగారు. అక్క నీళ్ళు పోస్తోంది, చెల్లెలు రుద్దుతోంది. చెల్లెలు తలెత్తకుండానే మాట్లాడింది.

"కొట్లో నువ్వు కుండీ కింద చెయ్యి పెట్టి తడిమావు. నేను చూశాను."

అక్క బకెట్టు కింద పెట్టింది.

"ఏదో లోపం ఉందని అర్థమైంది. ఏమిటో తెలీలేదు. నువ్వు చెబుతావని బండిలో ఇంటిదాకా చూశాను. తర్వాత కూడా చూశాను."

"చెబితే వినేదానివా?"

"వినేదాన్నక్కా. కొట్టులో అయితే అక్కడే మార్చుకునేవాళ్ళం."

"వాడికేం తెలీదని నీకు తెలీదూ?"

"ఆయనకి తెలీదని మొదటి మాటకే తెలిసిపోయింది. నల్లరాయి, కోటు, చొక్కా. నన్ను నవ్వించడానికి ఆ మాటలన్నీ అల్లుతున్నాడు. నవ్వొచ్చింది, నవ్వాను. కుండీల కోసం నువ్వు ఉన్నావు కదా అనుకున్నాను."

అక్క బకెట్టు తీసుకుని మళ్ళీ నీళ్ళు పోసింది, అవసరం లేనన్ని.

కొన్నాళ్ళ తర్వాత చెల్లెలు ఒకరోజు మామూలుగా, బటన్లు కుడుతూ, వచ్చే నెల తామిద్దరం రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్తున్నామని చెప్పింది. సాక్షిగా అక్క వస్తే సంతోషమంది, రాకపోతే పక్కవాటా ఆవిణ్ణి అడుగుతానంది. ఆ పక్కవాటా ఆవిడ కూరగాయల బండివాడి దగ్గర రోజూ నాలుగు మిరపకాయలు ఊరికే వేయించుకుంటుంది. అలాంటి మనిషి చెల్లెలి పెళ్ళికి సాక్షి అన్న ఊహే అక్క భరించలేకపోయింది. వెళ్ళి సంతకం పెట్టింది. ఆయన కొత్త బూట్లు కిర్రుమన్నాయి, జుట్టుకి రంగు మరీ నల్లగా వేసుకున్నాడు, రిజిస్ట్రారు అడిగినదానికి అవునని చెప్పమంటే ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. కొడుకు రాలేదు, తీరిక లేదని కబురు పంపాడు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన దానికి నవ్వు కూడా చేర్చాడు గానీ అతకలేదు. అక్క అది చూసి వేరే వైపు చూసింది.

చెల్లెలు పైకి వెళ్ళింది. కుట్టుమెషీను కిందే ఉంది, పగలంతా ఆమె కిందే ఉండేది. అయినా రాత్రి ఒక పళ్ళెమే పెట్టుకోవడం అక్కకి అలవాటు కావడానికి సమయం పట్టింది. నల్ల కుండీలని ఆయన బరమాతో చిల్లులు వేస్తానని పట్టుకెళ్ళి, ఒకదాన్ని నిలువునా చీల్చి, తక్కినవాటిని బాల్కనీలో పాత సామాను వేసుకోవడానికి వాడుకుంటున్నాడు. అక్క ఒకరోజు ఒక్కతే కుండీల కొట్టుకి వెళ్ళి, మందపాటి మట్టి కుండీలు, వెడల్పు తొట్లు రెండు తెచ్చింది. కింద ఇటుక ముక్కలు పెట్టి ఎత్తు చేసింది. చచ్చింది చావగా మిగిలిన మందారం కొమ్మ ఒకటి నాటింది, గోడవైపు మల్లె పెట్టింది. గాలి వచ్చింది, ఒక్కటీ కదల్లేదు. అన్నీ చిగిర్చాయి. ఆవిడ అనుకున్నదంతా నిజమేనని అక్కడ నిలబడి చూసేవాళ్ళెవరైనా ఒప్పుకునేవాళ్ళు. అక్కడికి వచ్చి చూసేవాళ్ళే లేరు.

మొదట్లో వాళ్ళిద్దరూ సాయంత్రాలు పాటియోలోకి రావడానికి మొహమాటపడ్డారు. ఒక సాయంత్రం అక్కే మెట్ల దగ్గర నిలబడి, టీ పెడుతున్నాను, రావాలంటే రండి అంది. పిలుపులా లేదది, నోటీసులా ఉంది. ఇద్దరూ వచ్చారు. చెల్లెలు మల్లెని చూసి, చేతులు వెనక్కి పెట్టుకుని, బాగుందక్కా అంది. ఆయన ఒక కుండీని వేలితో తట్టి చూశాడు. కొంచెం సేపు బలవంతాన ఓపిక పట్టాడు. ఆ తర్వాత మొదలెట్టాడు.

మట్టి కుండీ ఊపిరి పీలుస్తుందన్నాడు. దాని చుట్టూ రంగు పూస్తే ఆ ఊపిరి లోపలే ఉండి మొక్కకి బలమన్నాడు. ఈ మట్టి ఏ నది ఒడ్డుదో చూసి చెప్పగలనన్నాడు, చెప్పాడు. మల్లెకి మిట్టమధ్యాహ్నం మొదట్లో చన్నీళ్ళు పోస్తే ఉలిక్కిపడి ఎక్కువ పూస్తుందన్నాడు. మందారాన్ని ఏడాదికోసారి వేళ్ళతో సహా పీకి కడిగి మళ్ళీ పెట్టాలని, రేపు తనే వచ్చి ఆ పని చేస్తానన్నాడు. ఎదురుగా చెల్లెలు గ్లాసు అంచు మీదుగా నవ్వాపుకుంటోంది. అక్క మొదటి నుంచి చివరిదాకా విన్నది. అందులో ఒక్క ముక్క నిజం లేదు. ఇంత వయసొచ్చిన మనిషి తలలో ఇంత చెత్త ఎలా పడుతుందో ఆవిడకి ఇప్పటికీ ఆశ్చర్యమే.

"మందారాన్ని మాత్రం పీకకండి, చస్తుంది," అంది.

"పీకనండి," అన్నాడాయన.

తక్కినవాటి గురించి ఆవిడ ఏమీ అనలేదు. ఆయన గ్లాసులో టీ అయిపోతే, లేచి ఇంకాస్త పోసింది.